నాన్న ఫైల్ వేరే హాస్పిటల్‌కి వెళ్లాలంటే ఎవరి అనుమతి కావాలి?

మీరు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇదీ. మీ నాన్నగారికి 68 ఏళ్లు. మీ జిల్లా కేంద్రంలో ఒక ప్రైవేటు హాస్పిటల్లో యాంజియోగ్రామ్ చేసి, మూడు రక్తనాళాల్లోనూ బ్లాకులున్నాయి, బైపాస్ తప్పదన్నారు. హైదరాబాద్‌లో ఇంకొకరికి చూపిద్దామని ఫైల్ అడిగితే "పేషెంట్లకు ఇవ్వం, ఆ డాక్టర్‌నే మాకు ఫోన్ చేయమనండి" అన్నారు. హైదరాబాద్ వెళ్తే కౌంటర్లో ఆభా నంబర్ (ప్రభుత్వ డిజిటల్ హెల్త్ ఐడీ), ఓటీపీ అడిగారు. అది ఇస్తే నాన్న వివరాలన్నీ ఎవరు పడితే వాళ్లు చూసేస్తారేమోనని మీ టెన్షన్. పైగా ఆయన అయిదారేళ్లుగా డిప్రెషన్‌కి మాత్ర వేసుకుంటున్నారు, ఆ సంగతి గుండె డాక్టర్‌కి కూడా చెప్పొద్దంటున్నారు. ఇంతలో మీ బాబాయ్‌గారు ఆ మొదటి హాస్పిటల్‌కి ఫోన్ చేస్తే మాత్రం మొత్తం పూసగుచ్చినట్టు చెప్పేశారు.

నేను 22 ఏళ్లు హాస్పిటళ్లలో మెడికల్ రికార్డ్స్ విభాగంలో పనిచేశాను, ఎంఆర్‌డి అంటాం, చాలా హాస్పిటళ్లలో మార్చురీ పక్కనో జనరేటర్ గది పక్కనో ఉంటుంది, ఎవరూ అటు చూడరు. మీ ఆఖరి వాక్యం చదివి నాకు నవ్వొచ్చింది, ఒళ్లు కూడా మండింది. మన దగ్గర ఎప్పుడూ జరిగేది ఇదే. తెలియాల్సిన డాక్టర్‌కి తెలియదు, తెలియక్కర్లేని బాబాయ్‌కి అన్నీ తెలిసిపోతాయి.

ముందు ఫైల్ సంగతి. "పేషెంట్లకు ఇవ్వం" అనేది ఆ హాస్పిటల్ అలవాటు, రూలు కాదు. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లో స్పష్టంగా ఉంది: పేషెంట్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన మనిషి గానీ రికార్డులు అడిగితే, అడిగినట్టు రసీదు ఇచ్చి 72 గంటల్లోగా ఇవ్వాలి. ఐపీ పేషెంట్ల, అంటే అడ్మిట్ అయినవాళ్ల రికార్డులు చికిత్స మొదలైన రోజు నుంచి కనీసం 3 ఏళ్లు దాచాలి. ఇవ్వనంటే అది డాక్టర్ దుష్ప్రవర్తన కిందికి వస్తుంది. 2023లో వీటి స్థానంలో కొత్త నిబంధనలు తెచ్చారు గానీ అదే నెలలో పక్కన పెట్టేశారు, కాబట్టి 2002 వాటినే పట్టుకోవాలి. యాంజియోగ్రామ్‌కి పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేసినా చాలా చోట్ల అడ్మిషన్ రాసి ఐపీ నంబర్ వేస్తారు, బిల్లు మీద చూడండి, ఉంటుంది.

ఎందుకివ్వరంటే, నేను చూసినంతలో దురుద్దేశం తక్కువ. సగం భయం, రేపు కేసు వేస్తారేమోనని. కొంత లెక్క, పేషెంట్ చేజారిపోతాడని. మిగతాది వట్టి బద్ధకం, ఎందుకంటే కేస్ షీట్ మొత్తం జిరాక్స్ తీయాలంటే ఒక మనిషి గంట నిలబడాలి, ఆ మనిషి ఆ రోజు సెలవులో ఉంటాడు. కౌంటర్ దగ్గర అమ్మాయితో గొడవ పడకండి, ఆమె చేతిలో ఏమీ లేదు. మెడికల్ సూపరింటెండెంట్ పేరు మీద తెల్లకాగితంపై నాలుగు ముక్కలు రాయించండి: "నా ఐపీ నంబర్ ఫలానా, ఫలానా తేదీన నాకు యాంజియోగ్రామ్ చేశారు. నా కేస్ షీట్ నకలు, డిశ్చార్జ్ సమ్మరీ, రక్తపరీక్షల రిపోర్టులు, ఈసీజీ, ఎకో, యాంజియోగ్రామ్ సీడీ ఇప్పించగలరు. నా కూతురు ఫలానా వచ్చి తీసుకుంటుంది." కింద నాన్నగారి సంతకం. మీది కాదు, ఆయనది. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీతో "రిసీవ్డ్" స్టాంపు వేయించుకోండి. ఆ స్టాంపు పడ్డాక వాళ్ల గొంతు ఎలా మారుతుందో మీరే చూస్తారు. జిరాక్స్ ఖర్చు అడిగితే ఇచ్చేయండి, అది న్యాయమే. ఒరిజినల్ కేస్ షీట్ మాత్రం అడగొద్దు, అది వాళ్ల దగ్గరే ఉండాలి.

"డాక్టర్‌నే ఫోన్ చేయమనండి" అన్నది వినడానికి బాగానే ఉంటుంది. ఇద్దరు డాక్టర్లు మాట్లాడుకుంటే మంచిదే, నేను కాదనను. కానీ ఫోన్లో చెప్పగలిగింది "ట్రిపుల్ వెసెల్ అండీ, సీఏబీజీ చెప్పాం" (మూడు నాళాల్లో బ్లాకులు, బైపాస్ చెప్పాం) అని, అంతే. సర్జన్‌కి కావలసింది అది కాదు. బ్లాక్ దాటిన తర్వాత కింద నాళం ఎలా ఉంది, కుట్టు వేయడానికి పనికొస్తుందా లేదా, ఇది సినిమాలాగా కదిలే ఆ సీడీలోనే కనిపిస్తుంది, కాగితం మీద రాసిన శాతాల్లో కనిపించదు. సీడీ లేకపోతే ఏం చేస్తారో తెలుసా, మళ్లీ యాంజియోగ్రామ్. మళ్లీ ఖర్చు, నాళాలు కనిపించడానికి మళ్లీ ఆ డై ఎక్కించడం, 68 ఏళ్ల మనిషి కిడ్నీలకు అది ఊరికే పోయే విషయం కాదు.

సంతకం ఆయనదే కావాలని ఎందుకన్నానంటే, మన ఇళ్లలో పెద్దవాళ్లకు ఒంట్లో బాగోలేకపోతే వాళ్ల తరఫున నిర్ణయాలన్నీ పిల్లలకు బదిలీ అయిపోయాయనుకుంటాం. కన్సెంట్ ఫారం కొడుకు చేతికిస్తారు, కొడుకు సంతకం పెడతాడు, పక్క మంచం మీద తండ్రి కళ్లద్దాలు పెట్టుకుని పేపర్ చదువుకుంటూ ఉంటాడు. నేను వందల ఫారాలు అలాంటివి చూశాను. సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. ఆమెకు 44 ఏళ్లు, పరీక్ష కోసమని మత్తిచ్చిన సమయంలో బయట కూర్చున్న తల్లి దగ్గర అనుమతి తీసుకుని గర్భసంచి తీసేశారు. ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితి కాదు కాబట్టి ఆమెకు మెలకువ వచ్చేదాకా ఆగాల్సింది, తల్లి సంతకం చెల్లదు, పరీక్షకిచ్చిన అనుమతి ఆపరేషన్‌కి అనుమతి కాదు అని కోర్టు తేల్చింది. అది ఆపరేషన్ గురించిన తీర్పే. కానీ స్పృహలో ఉన్న పెద్ద మనిషి బదులు ఇంకొకరు "సరే" అనడం కుదరదన్న సంగతి కాగితాలకూ వర్తిస్తుంది.

ఇక డిప్రెషన్ మాత్ర. మీ ప్రశ్నలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే, మీరేమో చివర్లో ఒక్క లైన్లో రాశారు.

చట్టం సంగతి ముందు చెప్పేస్తాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం ఆయన మానసిక చికిత్స వివరాలు గోప్యం. అందులోనే కొన్ని మినహాయింపులున్నాయి, ఆయనకు వైద్యం చేస్తున్న ఇతర డాక్టర్లకు ఆ వైద్యం కోసం చెప్పవచ్చు అన్నది వాటిలో ఒకటి. అంటే సైకియాట్రిస్ట్ గారు గుండె డాక్టర్‌కి చెబితే తప్పేమీ కాదు. బాబాయ్‌కి చెబితే తప్పు. మీరు "అమెరికాలో మా అక్క వాళ్ల దగ్గరైతే సంతకం లేకుండా ఒక్క కాగితం కదలదట" అని కూడా రాశారు. అది చాలామందికి ఉన్న అపోహ. పేషెంట్ వివరాల గోప్యత కోసం అక్కడున్న హిపా చట్టం కింద కూడా చికిత్స కోసం ఒక డాక్టర్ నుంచి ఇంకో డాక్టర్‌కి వివరాలు పంపడానికి పేషెంట్ విడిగా రాసివ్వాల్సిన పని సాధారణంగా ఉండదు, సైకోథెరపీ నోట్సు లాంటి కొన్నిటికి మాత్రం ప్రత్యేకంగా తీసుకోవాలి.

కానీ చట్టం ఒప్పుకుంటుంది కదా అని నాన్నకు తెలియకుండా మీరు వెళ్లి సర్జన్ చెవిలో చెప్పేయకండి. ఆయనకు ఎందుకు చెప్పాలో చెప్పండి, ఆయనే చెబుతారు. ఎందుకంటే ఇలా. డిప్రెషన్‌కి ఎక్కువగా వాడే ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటి మాత్రలు, గుండె మనుషులకిచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్‌తో కలిసినప్పుడు రక్తస్రావం అయ్యే అవకాశం కొంత పెరుగుతుంది. ఎస్సిటలోప్రామ్ ఈసీజీలో గుండె లయకు సంబంధించిన క్యూటీ అనే కొలతను కాస్త సాగదీయవచ్చు. ఆపరేషన్ తర్వాత నొప్పికి మన హాస్పిటళ్లలో ట్రమడాల్ రాయడం మామూలే, ఈ మాత్రలతో అది కలిస్తే ఇబ్బంది రావచ్చు. ఇవన్నీ తెలిస్తే సర్దుకునే విషయాలే. డాక్టర్ మానేయమని అనాలనేమీ లేదు, వేరే నొప్పి మందు రాస్తాడు, ఇంకో ఈసీజీ తీస్తాడు, అంతే.

తెలియకపోతే ఏమవుతుందో అందరూ మర్చిపోయేది ఇంకొకటి ఉంది. అడ్మిషన్ రోజు మందుల చార్టులో రాయని మాత్ర ఐసీయూలో ఎవరూ ఇవ్వరు. ఆరేళ్లుగా రోజూ పడుతున్న మాత్ర ఒక్కసారిగా ఆగిపోతుంది. రెండు మూడు రోజులకు కళ్లు తిరగడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం, చిరాకు మొదలవుతాయి. ఆపరేషన్ వల్లే అనుకుని దానికి ఇంకో మందు మొదలుపెడతారు. ఇంట్లో వాళ్లకేమో కారణం తెలుసు, పరువు అడ్డొచ్చి నోరు విప్పరు. ఇలాంటి ఫైల్ ఒకటి నా చేతి మీదుగానే వెళ్లింది. నాలుగో రోజు కోడలు ఏడుస్తూ వచ్చి నర్సుకి చీటీ చూపించాక, డాక్టర్లు ఆ మాత్ర మళ్లీ మొదలుపెట్టారు, మనిషి తేరుకున్నాడు.

నాన్నగారితో ఇలా అనండి: "నాన్నా, మనవాళ్లెవరికీ చెప్పం. సర్జన్‌కి, మత్తు డాక్టర్‌కి మాత్రం నువ్వే చెప్పు, మేం బయట కూర్చుంటాం." చాలాసార్లు వాళ్లకు ఇబ్బంది డాక్టర్ ముందు కాదు, మన ముందే. గదిలో అయిదుగురు బంధువులు నిలబడి ఉండగా "ఇంకేమైనా మందులు వాడుతున్నారా" అని అడిగితే ఏ మగాడు చెబుతాడు? బయటికి వెళ్లమంటే మనవాళ్లకు కోపమొస్తుంది, రానివ్వండి.

ఇప్పుడు ఆభా. దీని మీద ఇంటర్నెట్‌లో రెండు రకాల మాటలు తిరుగుతున్నాయి, ఒకటి "అంతా ప్రభుత్వం చూసేస్తుంది" అని, రెండోది "ఇక ఫైళ్లే అక్కర్లేదు" అని. రెండూ నిజం కాదు.

ఆభా అంటే 14 అంకెల నంబర్. 2021 సెప్టెంబర్‌లో దేశమంతా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో భాగం. తీసుకోవడం తప్పనిసరి కాదు. రికార్డులు ఢిల్లీలో ఒక పెద్ద గోదాములో పోగేసి ఉండవు, ఏ హాస్పిటల్ తయారుచేసిన రిపోర్టు ఆ హాస్పిటల్ దగ్గరే ఉంటుంది, మీ అనుమతి దొరికినప్పుడు అక్కడి నుంచి అడిగిన హాస్పిటల్‌కి వెళ్తుంది. మధ్యలో ఉండే కన్సెంట్ మేనేజర్ అనే వ్యవస్థ తపాలా మనిషి లాంటిది, కవరు అందిస్తుంది గానీ లోపల చదవలేదు. కౌంటర్ దగ్గర క్యూఆర్ స్కాన్ చేసి ఓపీ టోకెన్ తీసుకుంటే అప్పుడు వెళ్లేది పేరు, వయసు, చిరునామా, ఫోన్ నంబర్ లాంటివే. పాత రోగాల చిట్టా వెళ్లదు.

రికార్డులు కావాలంటే హాస్పిటల్ విడిగా అభ్యర్థన పంపాలి. అది ఆభా యాప్‌లో కనిపిస్తుంది: ఎవరు అడుగుతున్నారు, దేనికి, ఏ రకం రికార్డులు (మందుల చీటీలా, ల్యాబ్ రిపోర్టులా, డిశ్చార్జ్ సమ్మరీనా), ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఈ అనుమతి ఎప్పటితో ముగుస్తుంది. ఇక్కడే జనం చేసే పొరపాటు, కింద ఉన్న బటన్ నొక్కేస్తారు. నొక్కే ముందు తేదీలు మార్చుకోవచ్చు, ఏ హాస్పిటల్ రికార్డులు ఇవ్వాలో ఎంచుకోవచ్చు, ఫలానా రకం వద్దనుకుంటే టిక్ తీసేయొచ్చు, అసలు కాదనేయొచ్చు. ఇచ్చాక వెనక్కి కూడా తీసుకోవచ్చు. కాకపోతే వెనక్కి తీసుకుంటే ఇకమీదట తలుపు మూసుకుంటుంది, అంతవరకే. డాక్టర్ అప్పటికే చదివి తన కేస్ షీట్‌లో రాసుకున్నది చెరిగిపోదు.

మీ విషయంలో ఇంకో సంగతి. మీ జిల్లా కేంద్రంలోని ఆ మొదటి హాస్పిటల్ ఈ వ్యవస్థకు కలిసి ఉండి, నాన్నగారి యాంజియోగ్రామ్‌ని ఆయన ఆభాకి లింక్ చేసి ఉంటేనే హైదరాబాద్‌లో ఏమైనా కనిపించేది. లేకపోతే నంబర్ ఇచ్చినా ఖాళీ తెర. అయినా సీడీలోని కదిలే బొమ్మలు దాని ద్వారా వస్తాయని కూర్చోకండి. చేతిలో ఫైల్ ఉండాల్సిందే.

ఆభాలో నాకు నిజంగా అనుమానం ఉన్న చోటు వేరే. ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తుంది? మన ఇళ్లలో నాన్న ఆధార్‌కి కొడుకు నంబరో అల్లుడి నంబరో ఉంటుంది. కౌంటర్ అబ్బాయి "సార్ ఓటీపీ వచ్చిందా" అంటాడు, అల్లుడు ఆఫీసులో కూర్చుని చెప్పేస్తాడు, దేనికో ఎవరూ అడగరు. కాగితం మీద కొడుకు పెట్టే సంతకమే ఇప్పుడు ఆరంకెల రూపంలో వస్తోంది. కాబట్టి నాన్నగారి సొంత ఫోన్ నంబర్ పెట్టించండి. ఓటీపీ వచ్చినప్పుడు అంకెల కంటే ముందు ఆ మెసేజ్ చదవండి, ఆభా సృష్టించడానికా, లింక్ చేయడానికా, ఇంకేమైనానా అని. అర్థం కాకపోతే ఆ అబ్బాయినే అడగండి, అతనికీ తెలియకపోతే ఆ రోజుకి ఆపేయండి, ఆభా లేకుండా ఓపీ చీటీ రాయమనండి, రాస్తారు.

డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం 2023లో వచ్చింది, దాని రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి, హాస్పిటళ్లను కట్టిపడేసే ముఖ్యమైన భాగాలు మాత్రం రూల్స్ వచ్చిన 18 నెలలకు అమల్లోకి వస్తాయి. ప్రాణాపాయంలో ఉన్న మనిషి విషయంలో అనుమతి కోసం ఆగక్కర్లేదని అందులో ఉంది, అది ఉండాల్సిందే. చట్టం మంచిదే, నా భయం చట్టం గురించి కాదు. నేను పనిచేసిన చోట నర్సింగ్ స్టేషన్ కంప్యూటర్ పాస్‌వర్డ్ మానిటర్ అంచుకి అంటించిన చీటీ మీద ఉండేది, వార్డులో ఎవరైనా చదువుకోవచ్చు.

బాబాయ్‌గారి ఫోన్ సంగతికి వస్తాను. డాక్టర్ తన వృత్తిలో తెలుసుకున్న పేషెంట్ రహస్యాలు బయటపెట్టకూడదని అవే 2002 నిబంధనల్లో ఉంది. కోర్టు ఆదేశం, ఇతరులకు నిజమైన ప్రమాదం, ప్రభుత్వానికి తప్పక తెలపాల్సిన జబ్బులు, ఇవే మినహాయింపులు. (టీబీ అలాంటిదే, 2012 నుంచి ప్రైవేటు డాక్టర్ కూడా ప్రభుత్వానికి తెలియజేయాల్సిందే, పేషెంట్ వద్దన్నా సరే.) బాబాయ్ ఈ జాబితాలో లేరు. ఓసారి మా ఎంఆర్‌డికి ఫోన్ వచ్చింది, "నేను ఫలానా ఊరి నుంచి డాక్టర్‌ని మాట్లాడుతున్నా, మీ దగ్గర చూపించుకున్న ఒక అమ్మాయి రిపోర్టులు కావాలి, నా పేషెంటే" అని. మాట దర్జాగా ఉంది, వైద్యం మాటలు బాగానే వాడాడు. కొత్తగా చేరిన కుర్రాడు సగం చదివేశాడు కూడా. తర్వాత తేలింది, పెళ్లి సంబంధం వాళ్లు వాకబు చేయిస్తున్నారని. ఆ రోజు నుంచి ఒకే పద్ధతి పెట్టుకున్నాం: ఏ డాక్టర్ అని ఫోన్ వచ్చినా పేరు రాసుకుని పెట్టేయడం, ఆ హాస్పిటల్ ల్యాండ్‌లైన్ మనమే వెతుక్కుని తిరిగి చేయడం, పేషెంట్‌ని అడగడం, తర్వాతే పంపడం. నిజమైన డాక్టర్లు కొందరు విసుక్కున్నారు. పర్వాలేదు.

మీరు చేయగలిగింది, హైదరాబాద్‌లో అడ్మిషన్ రోజే నాన్నగారి చేత రాయించి ఇవ్వండి: నా వివరాలు నా కూతురికి, నా భార్యకి తప్ప ఫోన్లో గానీ నేరుగా గానీ ఎవరికీ చెప్పొద్దు అని. ఫైల్ మొదటి పేజీకి పిన్ చేయమనండి. పీఆర్వోకి మీ నంబర్ ఒక్కటే ఇవ్వండి. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో డిశ్చార్జ్ సమ్మరీ ఫొటో పెట్టే అలవాటు మీ ఇంట్లో ఎవరికుందో వాళ్లకు ముందే చెప్పండి, అందులో వాడుతున్న మందులన్నీ వరుసగా ఉంటాయి.

ఇన్సూరెన్స్ ఉంటే ఒక్క మాట. క్లెయిమ్ ఫారంలో సంతకం పెట్టే చోట పైన సన్న అక్షరాల్లో, ఏ హాస్పిటల్ నుంచైనా నా రికార్డులు తెప్పించుకోవచ్చు అని మీరే ఒప్పుకుంటారు. కాబట్టి పాలసీ తీసుకున్నప్పుడు ఆ డిప్రెషన్ చికిత్స సంగతి రాశారో లేదో ఇప్పుడే తీసి చూడండి, టీపీఏ (ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిమ్‌లు చూసే సంస్థ) ప్రశ్న వేశాక కంగారు పడటం కంటే నయం. ఆరోగ్యశ్రీలో అయితే ముందస్తు అనుమతి కోసమే రిపోర్టులన్నీ పైకి పంపుతారు, అది ఆపలేరు.

72 గంటలు దాటినా ఫైల్ ఇవ్వకపోతే స్టాంపు పడ్డ కాపీతో జిల్లా వైద్యాధికారికి, డాక్టర్ మీద అయితే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కి రాయొచ్చు, వినియోగదారుల కమిషన్ కూడా ఉంది. అంత దూరం వెళ్లకుండానే పని అవుతుందని నా నమ్మకం, ఎందుకంటే స్టాంపు చూశాక చాలామంది రెండో రోజే ఫోన్ చేస్తారు.

వెళ్లినప్పుడు నాన్నగారిని కారులో కూర్చోబెట్టకండి, ఆయనకు ఓపిక ఉంటే లోపలికి తీసుకెళ్లండి, తన ఫైల్ తనే అడగనివ్వండి. సీడీ చేతికిచ్చాక అక్కడే వాళ్ల కంప్యూటర్లో పెట్టి తెరిపించండి. పేరు ఆయనదేనా, బొమ్మ కదులుతోందా చూసుకోండి. కవరు మీద పేరు రాసి లోపల ఖాళీ సీడీ పెట్టి ఇచ్చినవి నేను చాలా చూశాను.